విశ్వాసమా, అవిశ్వాసమా: క్రైస్తవ జీవితంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు చాలామంది మనసులో ఉంటాయి. పైకి అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఏమనుకుంటారో అని భయం, తనకే సిగ్గు. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లయిన పెద్దవాళ్లూ, ఇంకా ఏదీ తేల్చుకోని కుర్రవాళ్లూ ఇవే అడుగుతారు. వీలైనంత సూటిగా జవాబు చెప్పాలన్నదే ఇక్కడి ప్రయత్నం.

విశ్వాసం నేను ఎంచుకునేదా, దేవుడు ఇచ్చేదా?

బైబిల్లో రెండూ ఉన్నాయి. షెకెములో యెహోషువ ప్రజలందరినీ సమకూర్చి, ఎవరిని సేవిస్తారో ఈరోజే కోరుకోండి అన్నాడు. తన సంగతీ తన ఇంటివారి సంగతీ తేల్చి చెప్పాడు, మిగతావాళ్ల నిర్ణయం వాళ్లకే వదిలాడు. పౌలు ఎఫెసీయులకు రాస్తూ మాత్రం కృపచేత విశ్వాసం ద్వారా రక్షణ పొందారనీ, అది తమవల్ల కలిగింది కాదనీ, దేవుని వరమనీ అన్నాడు.

ఈ రెండింటినీ ఎలా కలపాలన్నది సంఘంలో చాలా పాత వాదన. ఐదో శతాబ్దం మొదట్లో దేవుని కృపే ముందు అన్న అగస్టీన్‌కూ, మనిషి ఎంపికకే బరువిచ్చిన పెలగియస్‌కూ మధ్య జరిగింది ఇదే. 1618-19లో నెదర్లాండ్స్‌లో సంఘ నాయకుల డోర్ట్ సభ కూర్చున్నదీ దీని గురించే. దేవుని కృపను మనిషి కాదనగలడన్న అర్మీనియస్ అనుచరులు ఒకవైపు, దేవుడే ముందుగా ఎన్నుకుంటాడన్న కాల్విన్ బోధను పట్టుకున్నవాళ్లు మరోవైపు నిలబడ్డారు. నేటికీ సంఘాలు ఈ విషయంలో ఒక మాట మీద లేవు. కానీ గమనించండి, ఎటువైపు ఉన్నవాళ్లయినా ప్రజల దగ్గరికి వెళ్లి 'మారుమనస్సు పొందండి, నమ్మండి' అనే చెప్పారు. దేవుడే ఇస్తాడు కాబట్టి నువ్వు ఊరికే కూర్చో అని డోర్ట్ సభ కూడా చెప్పలేదు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఒకే ఊపిరిలో రెండూ అనేశాడు: మీ రక్షణను కొనసాగించుకోండి, ఎందుకంటే మీలో కార్యసిద్ధి కలుగజేసేవాడు దేవుడే.

నా మాట ఒకటి చెబుతాను. ఈ చర్చ తేలేదాకా ఆగుతాను అనుకోవద్దు. సిద్ధాంతం వెనక దాక్కోవడం చాలా సులువు. నమ్మాలన్న కోరిక మీలో కాస్తయినా ఉంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఆలోచించవచ్చు. ముందు దాన్ని పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి.

నాకు సందేహాలు వస్తున్నాయి. నేను అవిశ్వాసిని అయిపోయినట్టేనా?

కాదు. ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఈ జవాబు మాత్రం చదవండి.

బాప్తిస్మమిచ్చు యోహానును తీసుకోండి. యేసును చూపించి 'ఇదిగో దేవుని గొర్రెపిల్ల' అన్న మనిషి ఆయన. చెరసాలలో పడ్డాక తన శిష్యుల్ని పంపి, రాబోవువాడివి నువ్వేనా, మేం ఇంకొకరి కోసం కనిపెట్టాలా అని అడిగించాడు. యేసు ఆయన మీద కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, వెళ్లి మీరు చూసింది చెప్పండి అన్నాడు. ఆ శిష్యులు వెళ్లిపోగానే జనం ముందు యోహానును మెచ్చుకున్నాడు. సందేహం వచ్చిన రోజునే ఆ మెప్పు దక్కింది.

తోమా సంగతి అందరికీ తెలిసిందే. యేసు చనిపోయి లేచాడని మిగతా శిష్యులు చెబితే, గాయాల గుర్తులు చూస్తేగాని నమ్మనని పట్టుబట్టాడు. అయితే దాని తర్వాతి వచనాన్ని మనం తొందరగా దాటేస్తాం. ఎనిమిది రోజుల తర్వాత తోమా ఇంకా ఆ శిష్యుల మధ్యే ఉన్నాడు. వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు, అతనూ తలుపు వేసుకుని వెళ్లిపోలేదు. యేసు వచ్చినప్పుడు అతను అక్కడ ఉన్నాడు కాబట్టే 'నా ప్రభువా, నా దేవా' అనగలిగాడు. సందేహించే మనిషికి సంఘం ఎలా చోటివ్వాలో ఈ ఒక్క సంగతిలోనే ఉంది. మత్తయి సువార్త చివర్లో, లేచిన ప్రభువును కళ్లారా చూసి మొక్కినవాళ్లలో కూడా కొందరు సందేహించారని ఉంది. లోకమంతటికీ వెళ్లమన్న ఆజ్ఞ ఆ కొందరితో సహా అందరికీ వచ్చింది.

అన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది మార్కు తొమ్మిదో అధ్యాయంలోని తండ్రి. కొడుకు చిన్నప్పటి నుంచి బాధపడుతున్నాడు. శిష్యుల వల్ల కాలేదు. 'ఏమైనా నీ వలన అయితే' అంటూ యేసు దగ్గరికి వచ్చాడు. చివరికి 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అని ఏడ్చాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే నోట. యేసు ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు.

మరి యాకోబు పత్రికలో సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడని ఉంది కదా?

ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యాకోబు అక్కడ మాట్లాడేది ద్విమనస్కుడి గురించి. దేవుణ్ణి జ్ఞానం అడుగుతాడు, కానీ ఆయన చెప్పింది వినాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోడు. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. ఆ తండ్రి అలాంటివాడు కాదు. అతనికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు, వెతకనూ లేదు. యూదా పత్రిక అయితే సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని సంఘానికి సూటిగానే చెప్పింది.

అయితే అవిశ్వాసం అంటే ఏమిటి?

సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాలు ఒక్కసారి కూర్చుని చదవండి. మోషే పన్నెండుమందిని కనాను దేశం చూసి రమ్మని పంపాడు. నలభై రోజులు తిరిగారు. అందరూ అవే పట్టణాలు, అవే ప్రాకారాలు, అదే ద్రాక్షగెల, అదే ఎత్తు మనుషుల్ని చూశారు. పదిమంది వచ్చి మన వల్ల కాదన్నారు, వాళ్ల ముందు మనం మిడతల్లా ఉన్నామన్నారు. కాలేబు, యెహోషువ మాత్రం యెహోవా మనకు తోడుంటే వెళ్లగలం అన్నారు.

సమాచారంలో తేడా ఏమీ లేదు. పదిమంది అబద్ధం చెప్పలేదు, ప్రాకారాలు నిజంగానే ఉన్నాయి. వాళ్ల లెక్కలో దేవుడు లేడు, అంతే. అక్కడితో ఆగితే భయం అనుకోవచ్చు. కానీ ప్రజలు ఐగుప్తుకు తిరిగి పోదాం, వేరే నాయకుణ్ణి పెట్టుకుందాం అన్నారు. నమ్మి నడవమన్న ఇద్దరినీ రాళ్లతో కొట్టాలన్నారు. ఎర్రసముద్రం దాటించినవాడు ఎవరో తెలిసి, మన్నా తింటూ, ఆయన మాట మాకు వద్దు అన్నారు. హెబ్రీ పత్రిక మూడో అధ్యాయం ఈ సంగతినే గుర్తుచేసి, అవిశ్వాసం చేతనే వాళ్లు ప్రవేశించలేకపోయారంటుంది. హృదయాన్ని కఠినపరచుకోవద్దని హెచ్చరించేదీ అక్కడే.

కాబట్టి ప్రశ్న ఉండడం వేరు, జవాబు వచ్చినా వినను అనుకోవడం వేరు. మొదటిది మనిషి బలహీనత. రెండోది నిర్ణయం. ఒక్కరోజులో జరగదది. చిన్న చిన్న విషయాల్లో 'ఇప్పుడు కాదు' అంటూ అంటూ ఒకరోజుకి గట్టిపడిపోతుంది. నాకు భయం వేసేది సందేహాలున్న మనిషిని చూసి కాదు. ప్రతి ఆదివారం వస్తూ, ఏ వాక్యమూ తనను తాకకుండా చూసుకునే మనిషిని చూస్తే భయం వేస్తుంది.

దేవుడున్నాడని నేనెప్పుడూ కాదనలేదు. అది చాలదా?

చాలదు. దయ్యాలు కూడా అంతవరకు నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అని యాకోబు రాశాడు. ఒక డాక్టర్ మంచివాడని ఒప్పుకోవడం వేరు, ఆపరేషన్ బల్ల మీద పడుకోవడం వేరు. క్రైస్తవ విశ్వాసం రెండోది.

మాది క్రైస్తవ కుటుంబం. నేను వేరే నిర్ణయం తీసుకోవాలా?

తీసుకోవాలి. తన శిష్యుడు తిమోతి విశ్వాసం మొదట అతని అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉందని పౌలు గుర్తుచేస్తాడు. ఆ వెంటనే అది నీలో కూడా ఉందని నమ్ముతున్నాను అంటాడు. వాళ్లలో ఉంది కాబట్టి నీకు సరిపోతుంది అనలేదు. యెహెజ్కేలు 18వ అధ్యాయం కూడా ఇంతే గట్టిగా మాట్లాడుతుంది. తండ్రి నీతి కొడుకు ఖాతాలో పడదు, తండ్రి దోషమూ పడదు.

పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సంఘాలు కూడా ఈ సంగతిని వదిలేయలేదు. పిల్లలు పెద్దయ్యాక తమ నోటితో ఒప్పుకునేందుకు చాలా సంఘాల్లో కన్ఫర్మేషన్ ఉంటుంది. పెద్దయ్యాకే బాప్తిస్మమిచ్చే సంఘాల్లో ఆ ఒప్పుకోలు నీళ్ల దగ్గర జరుగుతుంది. రెండు చోట్లా ప్రమాదం ఒకటే: ఈడు వచ్చింది, స్నేహితులంతా తీసుకుంటున్నారు, మనమూ తీసుకుందాం అనుకోవడం. తల్లిదండ్రులకు నా మనవి, పిల్లల్ని తొందరపెట్టకండి. పేరు కోసం తీసుకున్న బాప్తిస్మం వాళ్లకు ఆ తర్వాత చాలా కాలం బరువవుతుంది.

అలాగని, ఎప్పుడు నమ్మానో తేదీ చెప్పలేకపోతున్నానని కంగారుపడాల్సిన పని లేదు. పౌలుకు దమస్కు దారిలో ప్రభువు ఎదురైన రోజు ఉంది. తిమోతికి అలాంటి రోజు ఏదీ బైబిల్లో రాసిలేదు. ఇప్పుడు ఎవరి మీద ఆనుకుని ఉన్నారన్నదే ముఖ్యం.

ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు. విశ్వాసం పోయిందా?

అనుభూతులు నిద్రనుబట్టి, ఆరోగ్యాన్నిబట్టి, టెన్షన్‌నుబట్టి మారుతుంటాయి. వాటితో విశ్వాసాన్ని కొలవకండి. 88వ కీర్తన చదవండి. రాత్రింబగళ్లు మొరపెట్టిన మనిషి రాసింది. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని దేవుని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. అది మొదలయ్యేది 'నాకు రక్షణకర్తవగు దేవా' అన్న పిలుపుతోనే. ఏమీ అనిపించని స్థితిలో కూడా ఆ మనిషి ఆయనతోనే మాట్లాడుతున్నాడు.

మదర్ తెరెసా 1997లో చనిపోయారు. పదేళ్ల తర్వాత, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దశాబ్దాల పాటు దేవుడు దగ్గర ఉన్నట్టు అనిపించలేదని, లోపల చీకటేనని ఆమె తన ఆత్మీయ మార్గదర్శకులకు రాసుకున్నారు. కొందరు ఆ ఉత్తరాలు చూసి ఆమెకు విశ్వాసమే లేదన్నారు. నాకు మాత్రం అది తలకిందులుగా కనిపిస్తుంది. ఏమీ అనిపించకపోయినా పొద్దున్నే లేచి ప్రార్థనకు వెళ్లడం, రోగుల దగ్గరికి వెళ్లడం ఆమె రోజూ ఎంచుకున్నారు.

ఒక్క జాగ్రత్త. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దాన్ని ఆత్మీయ సమస్య అని మాత్రమే అనుకుని దాచుకోవద్దు. డాక్టర్‌ను కలవండి. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టుకింద పడుకుంటే, దేవుడు మొదట అతనికి ప్రసంగం చేయలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు.

ప్రార్థన చేశాం, ఉపవాసం ఉన్నాం, అయినా మా మనిషి బాగుపడలేదు. మా విశ్వాసం చాలలేదంటున్నారు. నిజమేనా?

ఆ మాట అన్నవాళ్లు చాలా పెద్ద తప్పు చేశారు. దుఃఖంలో ఉన్న ఇంటి మీద ఇంత బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, 'నా కృప నీకు చాలును' అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా? అదే పౌలు తన తోటి ప్రయాణికుడు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి రావాల్సి వచ్చింది. తిమోతికి తరచుగా వచ్చే జబ్బుల గురించి విశ్వాసం పెంచుకో అనలేదు, కడుపు కోసం ద్రాక్షారసం కొంచెం తీసుకో అన్నాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో సింహాల నోళ్లు మూయించినవాళ్లూ ఉన్నారు, కొరడా దెబ్బలు తిని, రంపాలతో కోయబడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి గురించీ ఒకే మాట రాశారు, విశ్వాసం ద్వారా సాక్ష్యం పొందారని.

నజరేతులో అవిశ్వాసం వల్ల యేసు ఎక్కువ అద్భుతాలు చేయలేదన్న వచనాన్ని ఇక్కడికి లాక్కొస్తారు. నజరేతువాళ్లు ఆయన్ని చూసి ఇతను ఆ వడ్లవాడే కదా అని అభ్యంతరపడినవాళ్లు. ఏడుస్తూ ఆయన పాదాల దగ్గర పడ్డవాళ్లు కాదు. ఆ వచనం మీకోసం రాసింది కాదు. ఇంకోటి, పైకప్పు విప్పి దించిన పక్షవాయువు రోగి విషయంలో యేసు చూసింది మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్ని. రోగి విశ్వాసాన్ని ముందు తూచి చూసినట్టు అక్కడ లేదు.

ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్న బబులోను రాజు నెబుకద్నెజరు ముందు షద్రకు, మేషాకు, అబేద్నెగో చెప్పిన మాట నేను విశ్వాసానికి కొలతగా పెట్టుకుంటాను. మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. 'రక్షించకపోయినా' అనడాన్ని అవిశ్వాసపు మాట అని కొందరు బోధకులు భయపెడతారు. ఆ ముగ్గురి నోట అది అవిశ్వాసం కాలేదు.

విశ్వాసం పేరుతో మందులు మాత్రం ఆపకండి, ఎవరి చేతా ఆపించకండి. పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి కోలుకున్నప్పుడు, దేవుడు కనికరించాడని పౌలు కృతజ్ఞతతో రాశాడు. మందుల వల్ల కోలుకున్నవాళ్లూ అలాగే కృతజ్ఞత చెప్పవచ్చు.

సైన్స్ చదువుకుంటే విశ్వాసం నిలవదా?

విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసిన జార్జ్ లెమైత్ర్ కాథలిక్ ఫాదర్. బఠానీ మొక్కల మీద వంశపారంపర్య సూత్రాలు తేల్చిన మెండెల్ మఠంలో సన్యాసి. కాబట్టి నిలుస్తుంది. ఆదికాండం మొదటి అధ్యాయాలను ఎలా చదవాలన్న దానిమీద క్రైస్తవుల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. పిల్లలు అడిగితే నోరు మూయించకండి. నోరు మూయిస్తే ప్రశ్న పోదు, పిల్లవాడు పోతాడు.

నరకం భయంతో నమ్మాను. అది నిజమైన విశ్వాసమేనా?

భయంతో మొదలుకావచ్చు. యేసు చెప్పిన ఉపమానంలో తప్పిపోయిన కుమారుణ్ణి ఇంటిదారి పట్టించింది ఆకలి. తండ్రి అందుకని తలుపు వేయలేదు. కానీ అక్కడే ఉండిపోకండి. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను రాశాడు. ఏళ్లు గడిచినా భయం ఒక్కటే మిగిలి ఉంటే, బహుశా ఆయన గురించి మీకు సగమే చెప్పారు. సువార్తలు మీరే చదవండి.

మా అబ్బాయి విశ్వాసం వదిలేశానన్నాడు. ఏం చేయాలి?

మొదట, తలుపు తెరిచి ఉంచండి. మాటలు ఆపకండి, భోజనం ఆపకండి, ఫీజులు ఆపుతానని బెదిరించకండి. బలవంతంతో నోటి మాట వస్తుంది, విశ్వాసం రాదు. ఆస్తి అమ్మి పేదలకిచ్చి నన్ను వెంబడించు అంటే, ధనవంతుడైన యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే యేసు వెనక పరుగెత్తి పట్టుకోలేదు, షరతు తగ్గించనూ లేదు. అంతకుముందే ఆయన అతన్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు. చాలామంది శిష్యులు వెళ్లిపోయినప్పుడు పన్నెండుమందిని కూడా, మీరూ వెళ్లిపోతారా అని అడిగాడు. వెళ్లిపోయే స్వేచ్ఛ ఆయనే ఇచ్చాక మనం లాక్కోకూడదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛను కూడా మనిషి హక్కుగానే చెప్పింది. విశ్వాసులు దీనికి సంతోషించాలి, మన ఇంట్లో అది మనకు నొప్పి కలిగించినా సరే.

వినండి. 'ఎందుకు వదిలేశావు' అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి. చాలాసార్లు కారణం దేవుడు కాదు, సంఘంలో తగిలిన దెబ్బ. ఆ దెబ్బ నిజమైతే, తప్పు జరిగిందని ఒప్పుకోండి. సంఘం పరువు కోసం దాన్ని కప్పిపుచ్చితే రెండోసారి గాయపరిచినట్టే.

ప్రార్థన మానకండి. మోనికా తన కొడుకు అగస్టీన్ కోసం ఏళ్ల తరబడి ఏడ్చింది. 387లో మిలాన్‌లో బిషప్ అంబ్రోస్ చేతుల మీదుగా అతను బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఆమె కన్నుమూసింది. మీ ఇంట్లో కూడా అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను, మరొకరి హృదయం మన చేతిలో ఉండదు.

భర్తో భార్యో నమ్మకపోతే కూడా దాదాపు ఇదే. అవతలివాళ్లకు కాపురం చేయడం ఇష్టమైతే విడిచిపెట్టవద్దని పౌలు కొరింథీయులకు స్పష్టంగా చెప్పాడు. మాటల కంటే నడవడిక గెలుస్తుందన్నది పేతురు సలహా. కొట్టడం, హింసించడం ఉన్నచోట మాత్రం ఈ వచనాలు చూపించి ఎవరినీ అక్కడే ఉండమనకూడదు.

ఒకసారి వదిలేశాను. మళ్లీ రావచ్చా?

రావచ్చు. ఒకసారి వెలిగించబడి తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమన్న హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చదివి ఇక నాకు దారి లేదని కుమిలిపోయేవాళ్లు ఉన్నారు. అది కష్టమైన భాగమే, పండితులు దాన్ని రకరకాలుగా వివరిస్తారు. అది చదివి మీరు బాధపడుతున్నారంటే, తిరిగి రావాలన్న కోరిక మీలో బతికే ఉందన్నమాట. నా దగ్గరికి వచ్చేవాణ్ణి ఎంతమాత్రం బయటికి తోసివేయను అని యేసు అన్నాడు. పేతురు ఆయన్ని ఎరగనని ముమ్మారు బొంకకముందే, నీ నమ్మకం తప్పిపోకుండా నీకోసం వేడుకున్నాను అని చెప్పాడు. తర్వాత ఒడ్డున నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, మూడుసార్లు అడిగాడు. ఎందుకు బొంకావు అని అడగలేదు, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు.

రోజువారీ జీవితంలో విశ్వాసాన్ని ఎంచుకోవడం అంటే ఏం చేయాలి?

వినడం వల్ల విశ్వాసం కలుగుతుందని రోమా పత్రిక చెబుతుంది కాబట్టి వినే చోట ఉండండి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే. రోజుకొకటి చదివినా మూడు వారాలు పట్టదు. చదివేటప్పుడు ఒప్పుకోలేనివి పక్కన రాసుకోండి. ప్రార్థన పెద్దగా ఉండాల్సిన పని లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి. ఏం చేయాలో ఇప్పటికే తెలిసిన ఒక విషయంలో విధేయత చూపండి: అప్పు తీర్చడం, క్షమాపణ అడగడం, అబద్ధపు లెక్క సరిచేయడం. తెలిసినదాన్ని చేయకుండా తెలియనిదాని గురించి వాదిస్తూ ఉంటే వెలుగు పెరగదు. నమ్మదగిన ఒక్క మనిషితోనైనా మీ సందేహాల గురించి మాట్లాడండి.

నేను ఇంకా తేల్చుకోలేదు. సంఘానికి రావచ్చా?

రండి. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు, అవిశ్వాసి అయినవాడు లోపలికి వస్తే అతనికి అర్థమయ్యేలా మాట్లాడుకోండి అన్నాడు. అంటే అలాంటివాళ్లు వస్తారనే ఆయన లెక్క. మనసు ఒప్పని పాట పాడనవసరం లేదు, విని ఊరుకోండి. మోకరించమన్నప్పుడు కూర్చునే ఉన్నా ఎవరూ తప్పుపట్టకూడదు. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో) పాల్గొనడం మాత్రం నిర్ణయం అయ్యాక, పాస్టర్‌తో మాట్లాడాక. చేతులెత్తమనో, ముందుకు రమ్మనో ఆ రోజే ఒత్తిడి చేస్తే, ఇంకా సమయం కావాలని మర్యాదగా చెప్పండి. ఆరాధన అయ్యాక మీ ప్రశ్నలు సంఘ పెద్దల్ని అడగండి. వాళ్లు కోప్పడితే ఇంకో సంఘానికి వెళ్లండి.